ఉప్పల్ సరాయి గోడకు పట్టిన చెమ్మ

2012 డిసెంబరు 14, శుక్రవారం, ఉదయం ఆరుంబావు. సికింద్రాబాద్ స్టేషను. ఉన్నవారు: నేను, నా భార్య సుభద్ర, మమ్మల్ని తీసుకువెళ్లడానికి వచ్చిన తాపీమేస్త్రీ యాదగిరి. సామాను: ఒక సూట్‌కేసు, రెండు డబ్బాల కాజాలు, గుడ్డసంచిలో 1971 నుంచి 1977 దాకా రాసిన ఏడు డైరీలు.

సుభద్ర యాదగిరిని గుర్తుపట్టలేదు. చివరిసారి చూసినప్పుడు అతనికి ఇరవై రెండేళ్లు. అప్పుడు జుట్టు మీద సున్నం ఉండేది. ఇప్పుడు జుట్టే తెల్లబడింది.

"ఏం అక్కా, గట్ల సూస్తున్నవ్? నేనే, మల్లయ్య మేస్త్రీ కొడుకును."

"నువ్వా! మా కిటికీ కింద కూచుని ఈల వేసేవాడివి, ఆ యాదగిరివేనా?"

"ఇప్పుడు ముందటి పండ్లు లేవక్కా. ఈల రాదు, గాలే వస్తది."

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పాలి. నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న కర్మాగారంలో ఏడేళ్లు స్టోర్ కీపరుగా పనిచేశాను. ఆ ఏడేళ్లూ మేం ఉప్పల్ దగ్గర, వరంగల్ రోడ్డు పక్కన, ఒక పాత సరాయిలో అద్దెకున్నాం. ఎప్పుడో నిజాం రోజుల్లో బాటసారుల కోసం కట్టిన రాతి కట్టడం అది. ముందు అయిదు కమానులు, వెనక పొడుగాటి గదుల వరస, ఆ వరస మీద మేడ. మా కాలానికి బాటసారులు పోయి, ఫ్యాక్టరీ వాళ్లం చేరాం. పెళ్లయిన మూడో నెలలో సుభద్ర కాపురానికి వచ్చింది ఆ మేడ మీది చివరి గదికే.

నవంబరులో యాదగిరి ఫోను చేశాడు. సరాయి యజమాని దాన్ని బిల్డరుకు ఇచ్చాడు. పన్నెండంతస్తులు లేపుతారు. అయితే సరాయి పాత కట్టడాల జాబితాలో ఉంది కాబట్టి, కూల్చాలంటే ముందు ఒక కమిటీ వచ్చి చూడాలి. కమానుల భాగం గట్టిగా ఉంటే దాన్ని ఉంచి వెనక కట్టుకోమంటారు. గోడ చెడిపోయిందని తేలితే మొత్తం కూల్చడానికి ఒప్పుకుంటారు. బిల్డరు మనుషులేమో గోడంతా చెమ్మ పట్టి కుళ్లిందంటున్నారు.

"మీరు దినాం రాస్తరు గద సారూ, వాన పడ్డది, ఎండ గొట్టింది అని. గోడ తడిసిందా లేదా అన్నది గూడ రాసే ఉంటరు. జర తీస్కొని రాండ్రి," అన్నాడు.

రాశాను. స్టోరు గదిలో చెమ్మ ఉందో లేదో చూసుకోవడం నా ఉద్యోగ ధర్మం. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. కాకినాడలో పొరుగువాళ్లు ఇప్పుడు హైదరాబాద్ ఎందుకండీ, ఉద్యమం రోజులు అన్నారు. సుభద్ర ఒకటే మాట అంది: "నా గది ఒకసారి చూసొస్తాను." అంతే, టిక్కెట్లు కొన్నాను.

హబ్సిగూడ మీదుగా

ఆటోవాడు నూట యాభై అడిగాడు, యాదగిరి నూట ఇరవైకి దించాడు. తార్నాక దాటాక డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు.

"యాడికెల్లి వచ్చిన్రు పెద్దమనిషీ?"

"కాకినాడ."

"గోదారి దిక్కోళ్లా! మా రాష్ట్రం మాకు వస్తే మళ్ల వస్తరా, రారా?"

సుభద్ర డబ్బా తెరిచి ఒక కాజా అతని చేతిలో పెట్టింది. "ఇది తిని నువ్వే చెప్పు బాబూ, రావచ్చో కూడదో."

అతను ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని కొరికాడు. లోపలి పాకం చొక్కా మీద, హ్యాండిల్ మీద, బ్రేకు మీద కారింది. "అరె, లోపల గింత పాకముందని జెప్పరేందమ్మా!" అని ఆటో పక్కకు ఆపి, చెయ్యి నాకి, బట్టతో అద్దం దాకా తుడుచుకున్నాడు. "రాండ్రి. కాని డబ్బా తీస్కొనే రాండ్రి," అన్నాడు.

రోడ్డు మధ్య మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా లెక్కపెట్టడం మొదలుపెట్టి, దుమ్ముకు కళ్లు మూసుకుని లెక్క తప్పాను. మా రోజుల్లో ఈ రోడ్డు మీద సైకిలు తొక్కుతూ ఎదురుగా వచ్చేవాణ్ణి పేరుపెట్టి పలకరించేవాళ్లం.

ఉప్పల్ చౌరస్తా

బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. ప్లేటు నాలుగు ఇడ్లీలు, ఇరవై రూపాయలు. చట్నీ పల్లీలది. అల్లం పచ్చడి ఉందా అని అడిగితే బండివాడు నేనేదో విదేశీ వస్తువు అడిగినట్టు చూశాడు.

పక్కన తింటున్న ఆయన మాటలు కలిపాడు. నల్లగొండ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన బడిపంతులు. సరాయి చూడ్డానికి వచ్చామని చెప్పగానే ఆయన ముఖం వెలిగింది.

"ఆ జాగాలనే మేం ఫ్లాటు బుక్ చేసినం సార్. ఏడో అంతస్తు. పదహారేండ్లు రామంతపూర్ల కిరాయికి ఉన్నం. ఆరు ఇండ్లు మారినం. మా ఇంటామె ఇప్పుడే చెప్పింది, పొయ్యి తూర్పు దిక్కుకు ఉండాలె అని."

నేను మంచినీళ్లు తాగాను. ఆయనే మళ్లీ అడిగాడు: "అది పాత బిల్డింగ్ గద సార్, పడిపోతది గద? మీరు ఇంజనీరా?"

కానని చెప్పాను. ఏడేళ్లు ఒకే గదిలో అద్దెకున్నవాణ్ణి, ఆరు ఇళ్లు మారినవాడి ఇల్లు ఆపడానికి వచ్చానా అన్న ఆలోచన ఆ ఇడ్లీల దగ్గరే పట్టుకుంది. ఇంటికి వచ్చినా వదల్లేదు.

సరాయి

చుట్టూ నీలం రేకుల దడి కట్టారు. దాని మీద రాబోయే భవనం బొమ్మ, పైన ఈతకొలను, అందులో నవ్వుతున్న తెల్ల పిల్లలు. వాచ్‌మన్ యాదగిరిని చూసి తలుపు తీశాడు.

అయిదు కమానులూ ఉన్నాయి. నేను వాటిని చూసి ఆగిపోలేదు. కమానుల మీద సిమెంటు ఎప్పుడు పూశారా అని ఆగాను. మేం ఉన్నప్పుడు అది తెల్లటి సున్నపు గోడ, చెయ్యి ఆనిస్తే కోడిగుడ్డు పెంకులా నున్నగా ఉండేది. ఇప్పుడు బూడిద రంగు. మోకాలి ఎత్తు దాకా నల్లటి మరక, అక్కడక్కడ ఉప్పు తేలింది. వేలితో నొక్కితే ఒకచోట సిమెంటు పెచ్చు డొల్లగా పలికింది.

సైటు ఇంజనీరు ప్రసాద్ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, మర్యాదస్తుడు. టోపీలు ఇచ్చాడు. సుభద్ర తన కొప్పు మీద ఆ పసుపు టోపీ ఎలా పెట్టుకోవాలో తెలియక చేత్తో పట్టుకుంది.

"మేడ మీదికి వెళ్లొచ్చా బాబూ? ఆ చివరి గది మాది."

"వద్దమ్మా, మెట్లు ఊడిపోయాయి. కింద నుంచే చూడండి."

కింద నుంచి కిటికీ మాత్రమే కనిపించింది. ఒక రెక్క లేదు. ఆ కిటికీలోంచి ఆవిడ సాయంత్రం అయిదూ నలభైకి నా సైకిలు కోసం చూసేది. అప్పట్లో రోడ్డుకీ కిటికీకీ మధ్య ఒక్క జొన్నచేను ఉండేది. నేను మలుపు తిరగ్గానే పొయ్యి మీద కాఫీకి నీళ్లు పెట్టేదట. ఈ సంగతి పెళ్లయిన నలభై ఒక్క ఏళ్ల తర్వాత, ఆ రేకుల దడి లోపల నిలబడి, మొదటిసారి చెప్పింది.

"కమిటీ వాళ్లు ముందు భాగం ఉంచమన్నా, వెనక భాగం పోతుంది కదా?" అని ప్రసాద్‌ను అడిగింది.

"అది ఎలాగూ పోతుందమ్మా. సరిగ్గా మీ గది ఉన్న చోట లిఫ్టు వస్తుంది."

"పోనీలే. మేం పదహారు మెట్లెక్కి చేరిన చోటికి వాళ్లు మీట నొక్కి వెళ్తారు," అని టోపీ తిరిగి ఇచ్చేసింది. బయటికి వచ్చాక నా మోచెయ్యి పట్టుకుంది. మా ఊళ్లో రోడ్డు మీద ఎప్పుడూ అలా పట్టుకోదు.

నాచారంలో భోజనం

యాదగిరి ఇల్లు నాచారంలో, ఫ్యాక్టరీ గోడ వెనక సందులో. అతని భార్య లచ్చమ్మ సర్వపిండి చేసింది. గిన్నె అడుగుకు బియ్యప్పిండి అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి కాల్చిన రొట్టె అది. అన్నంలోకి పచ్చిపులుసు.

సుభద్ర గరిటె తిప్పి నెమ్మదిగా అడిగింది: "కాచడం మరిచిపోయావా లచ్చమ్మా?"

"పచ్చిపులుసు కాస్తరా అక్కా! కాస్తే అది పచ్చిది ఎట్లయితది? మీ దిక్కు అన్నీ ఉడకబెట్టి సంపుతరు."

రెండోసారి వడ్డించుకుంది సుభద్ర. ఇంటికొచ్చాక చేసింది కూడా. నువ్వుల పొడి ఎక్కువైంది.

భోజనాల దగ్గర లచ్చమ్మ సంతోషంగా చెప్పింది, కొత్త బిల్డింగు ప్లాస్టరింగ్ పనంతా యాదగిరికే ఇస్తామన్నారని. పన్నెండంతస్తులు, రెండేళ్ల పని. ఇద్దరు అల్లుళ్లు, ఇంకో పదిమంది దాని మీదే ఆశ పెట్టుకున్నారు. యాదగిరి తల ఎత్తలేదు.

"మరి సరాయి నిలవాలని నన్నెందుకు పిలిచావయ్యా?" అని అడిగాను.

"ముందటిది నిలిస్తే ఎనక కట్టరా ఏంది? కడ్తరు. పనికి ఫికర్ లేదు," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

నేను డైరీలు తెరిచాను. ఏ వానాకాలం ఏం రాశానో చదివి వినిపించాను. 1975లో ఒక పేజీ: 'మూడు రోజుల ముసురు. ఫ్యాక్టరీ స్టోరులో రెండు బస్తాలు తడిశాయి. ఇంటి గోడ పొడి. కింద కమానుల్లోనూ పొడి. మల్లయ్య మేస్త్రీ వచ్చి తాపీ కొసతో గోడను తట్టి, చెవి ఆనించి విని, బాగుందన్నాడు.' ఏటా వానలకు ముందు మల్లయ్య అలా గోడంతా తట్టి, డొల్లగా పలికిన చోటల్లా పాత సున్నం తీసి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపి గానుగలో నూరిన సున్నం పూసేవాడు. ఆ గానుగ ఎద్దు పేరు కూడా రాసి ఉంది.

తండ్రి పేరు వినపడగానే యాదగిరి పళ్లెంలో చెయ్యి కడిగేసుకున్నాడు. సగం అన్నం అలాగే ఉంది. లచ్చమ్మ ఏందని అడిగితే, "కడుపు నిండింది," అని లేచి సందులోకి వెళ్లాడు.

శనివారం, పది గంటలు

కమిటీ తరఫున ముగ్గురు వచ్చారు. ఇద్దరు మగవాళ్లు ఫొటోలు తీస్తూ తిరిగారు. మాట్లాడింది మూడో ఆవిడ, ఆర్కిటెక్టు, నలభై అయిదేళ్లుంటాయి. గోడకు ఆనించి చెమ్మ కొలిచే చిన్న పరికరం తెచ్చింది. ఎక్కడ ఆనించినా అది కూస్తూనే ఉంది.

నేను తయారై వచ్చాను. ఏడు డైరీల్లోనూ వానాకాలం పేజీలకు కాగితపు ముక్కలు పెట్టి ఉంచాను. ఆవిడ ఓపికగా నిలబడి చదివింది, ఒకటి రెండు చోట్ల నవ్వింది కూడా. ఎద్దు పేరు దగ్గర అనుకుంటాను.

"చాలా మంచి రికార్డు సార్. ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు," అంది.

నాకు నిజంగా గర్వం కలిగింది. డెబ్బై ఒక్క ఏళ్ల వయసులో నా డైరీలు ఒకరికి పనికొచ్చాయనుకున్నాను. ఆ గర్వం ఎంతోసేపు లేదు.

ప్రసాద్ ముందుకొచ్చాడు. "మేడం, ఆయన రాసిందే మేమూ అంటున్నాం. అప్పుడు పొడిగా ఉంది. ఇప్పుడు తడి. అంటే ముప్పై అయిదేళ్లలో గోడ వయసు అయిపోయింది. ఇంక నిలవదు."

ఆవిడ తల పంకించింది. "అదే అనిపిస్తోంది. రాళ్ల మధ్య సున్నం కరిగిపోయి ఉంటుంది," అని కాగితం మీద ఏదో రాయడం మొదలుపెట్టింది. నేను సంచి పట్టుకుని నిలబడిపోయాను. గోడను కాపాడటానికి మోసుకొచ్చిన ఏడు సంవత్సరాలూ దాని మీదే సాక్ష్యం చెప్పాయి. సుభద్ర నా వైపు చూసి, చూపు కిటికీ మీదికి తిప్పుకుంది.

అప్పుడు వెనక నుంచి యాదగిరి అన్నాడు: "గోడకు వయసు కాలేదు మేడం."

అందరం తిరిగాం. అతను చేతులు కట్టుకుని, కమాను కింద నిలబడ్డాడు.

"గోడకు ఊపిరాడతలేదు. పైన సిమెంటు ఉన్నది గద, అది లోపలి తడిని బయటికి పోనిస్తలేదు. సున్నపు గోడ నేల తడి గుంజుకుంటది, ఎండకు ఇడుస్తది. ఇట్ల మూత పెడ్తే యాడికి పోతది తడి? లోపలనే కుళ్లవెడ్తది. ఇది తీస్తే గోడ ఆరుతది."

"సిమెంటు ఎవరు పూశారు?" అంది ఆర్కిటెక్టు.

"నేనే."

మిగతాదీ అతనే చెప్పాడు. పంతొమ్మిదేళ్ల కింద యజమాని కమానులను గోడౌనుకు కిరాయికి ఇవ్వాలనుకుని, గట్టిగా సిమెంటు పూయమన్నాడు. యాదగిరి అప్పటికి సిమెంటు పని నేర్చుకుని, సున్నం పని ముసలివాళ్ల పని అనుకునే రోజుల్లో ఉన్నాడు. సిమెంటు పడుతుందో పట్టదో అని సున్నం మీద గాట్లు కూడా పెట్టాడు.

"మా బాపు అప్పుడు మంచంల ఉన్నడు. లేవరాదు. ఇంటికి పోతె, ఏం పూసినవ్ బిడ్డా అన్నడు. సున్నమే బాపూ అన్న. నా చెయ్యి గుంజుకొని వాసన సూసిండు. ఏమన్లే. గోడ దిక్కు తిరిగి పన్నడు. మల్ల ఆ పని ముచ్చట ఎన్నడూ తీయలే."

మా ఆరుగురి మధ్య నిలబడి యాదగిరి ముక్కు తుడుచుకోలేదు, కళ్లు ఒత్తుకోలేదు. పని గురించి చెప్పే గొంతుతోనే చెప్పాడు.

ప్రసాద్ అతని దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు, కానీ పక్కనే ఉన్నాను, వినిపించింది. "ఏం యాదగిరీ, పన్నెండంతస్తుల ప్లాస్టరింగ్ నీకే అనుకున్నాం కదా. ఇప్పుడు ఈ మాట ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలే సార్. గందుకే ఇన్నేండ్లు చెప్పలే."

ఆర్కిటెక్టు కాగితం మీద రాసింది కొట్టేసింది. మూడో కమాను పక్కన, గోడ మీద, సుద్దముక్కతో నాలుగు అడుగుల చదరం గీసింది. అక్కడి సిమెంటు తీసెయ్యాలి. వేసవి దాకా ఎండనిచ్చి మళ్లీ కొలుస్తారు. ఆరితే కమానుల భాగం మొత్తం ఉంచాలి; ఆరకపోతే కూల్చుకోవచ్చు. వెనక వరస, మేడ, మా గది విషయంలో మార్పు లేదు. నాలుగు నెలలు ఆలస్యమని ప్రసాద్ ఎవరికో ఫోను చేసి చెబుతున్నాడు. ఏడో అంతస్తు పంతులుగారి భార్య పొయ్యి కోసం ఇంకా ఎన్నాళ్లు ఆగాలో నాకు తెలియదు.

"ఈ చదరం ఎవరు తీస్తారు?" అని ఆవిడ అడిగింది. "మామూలు కూలీలు సుత్తితో బాదితే లోపలి రాయి పగులుతుంది."

"నేను తీస్త," అన్నాడు యాదగిరి.

"కూలి ఎవరిస్తారు నీకు?" అన్నాడు ప్రసాద్.

యాదగిరి ఆ మాట వినిపించుకోనట్టు గోడ వైపు తిరిగి, వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించాడు.

ఆదివారం ఉదయం

మా రైలు పదకొండున్నరకు. ఏడింటికే సుభద్ర, "అటు నుంచి వెళదాం," అంది. ఆటోను రేకుల దడి బయట ఆపాం. లోపల నుంచి చప్పుడు వస్తోంది, గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు.

యాదగిరి మూడో కమాను దగ్గర బల్ల వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆరింటికే వచ్చాడట. చిన్న ఉలి పెట్టి, చిన్న సుత్తితో రెండే దెబ్బలు, ఆపి, వేలితో చూసి, మళ్లీ రెండు దెబ్బలు. పక్కన లచ్చమ్మ టీ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుంది. పోయిన పని ఆమె ముఖంలో ఉంది. అయినా గ్లాసుల్లో టీ పోసి ఇచ్చింది.

పళ్లెమంత పెచ్చు ఒకటి ఊడి పడింది. దాని వెనక సున్నం తడితో మీగడలా మెత్తగా ఉంది. చూస్తుండగానే దాని మీద చిన్న చిన్న నీటి చుక్కలు తేలాయి. సుభద్ర వెళ్లి అరచెయ్యి ఆనించింది.

"ఎంత చల్లగా ఉందో!"

"పంతొమ్మిదేండ్ల నీళ్లక్కా. జర టైం పడ్తది."

నేను దగ్గరికి వెళ్లి చూశాను. సుద్ద చదరం కుడివైపు గీత కనిపించలేదు. అతను దాన్ని దాటి, అప్పుడే ఇంకో రెండడుగులు తీసేశాడు. ఏదైనా కొలత ప్రకారం జరగకపోతే నా నోరు ఆగదు.

"యాదగిరీ, మేడం నాలుగు అడుగులే గీసింది. నువ్వు గీత దాటావు."

"గీత మేడందే సారూ. సిమెంటు నాది," అని ఉలి ఇంకాస్త కుడివైపుకు జరిపాడు.

ఆటోవాడు హారన్ కొట్టాడు. ఇంకో పది నిమిషాలు ఆగమని సుభద్ర చెయ్యి ఊపింది. నేను కళ్లజోడు జేబులో పెట్టుకుని, ధోవతి పైకి దోపుకుని, రాలిన పెచ్చులు ఇనప తట్టలోకి ఎత్తడం మొదలుపెట్టాను.